స్టూడియో సిస్టమ్ బాగా స్లో అయింది. 1 టీబీ హార్డ్ డిస్కుకి డిఫ్రాగ్ ఎన్నాళ్లకోసారి చేయాలి?

తెనాలి_స్టూడియో

అందరికీ నమస్కారం. మాది ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, ఆల్బమ్ డిజైనింగ్ అన్నీ ఒకే డెస్క్‌టాప్ మీద నడుస్తాయి. ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. ఉన్నది 1 టీబీ హార్డ్ డిస్కు ఒక్కటే, 7200 ఆర్‌పీఎం. ఎస్‌ఎస్‌డీ లేదు. సీ, డీ అని రెండు పార్టిషన్లు. డీలో ఇప్పుడు 40 జీబీ మాత్రమే ఖాళీ ఉంది.

కొన్నాళ్లుగా సిస్టమ్ బాగా నెమ్మదించింది. అన్నిచోట్లా కాదు. కొన్ని ఫోల్డర్లు మామూలుగానే తెరుచుకుంటాయి. కొన్ని తెరిస్తే మాత్రం థంబ్‌నెయిల్స్ రాకుండా మొత్తం బిగుసుకుపోతుంది, మౌస్ కూడా కదలదు. కాసేపటికి దానంతటదే మామూలవుతుంది.

మా ఊళ్లో సర్వీస్ చేసే ఆయన చూసి, "డిఫ్రాగ్ చేయక ఇలా అయింది, రోజూ రాత్రి పెట్టి వెళ్ళండి" అన్నారు. మా తమ్ముడేమో డిఫ్రాగ్ చేస్తే డిస్కు అరిగిపోతుందంటున్నాడు. శ్రావణం ముహూర్తాలు దగ్గరపడ్డాయి, ఒకటే టెన్షన్. అసలు చేయాలా వద్దా? చేస్తే ఎన్నాళ్లకోసారి?

మెకానిక్_మామ

చేయాలి బాబూ. ఎస్‌ఎస్‌డీ కాదు, తిరిగే డిస్కే కాబట్టి డిఫ్రాగ్ వల్ల ఉపయోగం ఉంటుంది. రోజూ మాత్రం అక్కర్లేదు.

సంగతేమిటంటే, విండోస్ డిస్కుని 4 కేబీ క్లస్టర్లుగా విడగొట్టి వాడుకుంటుంది. కొత్త డిస్కులో ఫైలు వరసగా ఒకేచోట కూర్చుంటుంది. పాతవి తీసేస్తూ కొత్తవి వేస్తూ పోతే మధ్యలో చిన్న చిన్న ఖాళీలు మిగులుతాయి. తర్వాత వచ్చే పెద్ద ఫైలుకి ఒకేచోట జాగా దొరక్క ముక్కలై తలో ఖాళీలో సర్దుకుంటుంది. పెళ్లి భోజనాల్లో ఒక కుటుంబం వాళ్ళు తలా ఒక బంతిలో కూర్చుంటే వడ్డించేవాడు వాళ్ళ కోసం హాలంతా తిరగాలి కదా, డిస్కులో డేటా చదివే హెడ్ పరిస్థితీ అంతే. ఆ ముక్కల్ని మళ్లీ ఒకేచోట చేర్చడమే డిఫ్రాగ్.

మీ డీ దాదాపు నిండిపోయింది. నిండిన డిస్కులోనే ముక్కలు ఎక్కువ పడతాయి. ముందు పాత పెళ్ళిళ్ళ రా ఫైళ్లు (కెమెరా నుంచి నేరుగా వచ్చే పెద్ద ఫోటో ఫైళ్లు) బయటి డిస్కులోకి మార్చి జాగా చేయండి. ఎక్స్‌పీ రోజుల్లో 15 శాతం ఖాళీ లేకపోతే డిఫ్రాగ్ పని సరిగా జరగదని విండోసే హెచ్చరించేది. ఆ లెక్క ఇప్పటికీ మంచిదే. జాగా చేశాక ఒకసారి పూర్తిగా నడపండి, ఆ తర్వాత నెలకోసారి చాలు.

నందిని_సిస్టమ్స్

మామగారు చెప్పిన ముక్కల సంగతి నిజమే, నెలకోసారి అని పెట్టుకోవడం మాత్రం నాకు నచ్చదు. కొలవకుండా చేయడం ఎందుకు? స్టార్ట్ మెనూలో డిఫ్రాగ్ అని కొట్టి, డీని ఎంచుకుని ఎనలైజ్ నొక్కితే ఎంత శాతం ముక్కలైందో అదే చెబుతుంది. ఎనలైజ్ ఫైళ్లను కదపదు, లెక్క మాత్రం చూస్తుంది.

ముక్కల వల్ల ఎంత ఆలస్యమవుతుందో కూడా చూద్దాం. 7200 ఆర్‌పీఎం డిస్కు ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున అందులో సగం, అంటే 4 పైచిలుకు. హెడ్ పక్కకి జరగడానికి ఇంకో 9 దాకా. మొత్తం ఒక్కో గెంతుకి 13 మిల్లీసెకన్లు అనుకుందాం.

మీ 40 ఎంబీ రా ఫైలు ఒకే ముక్కగా ఉండి, డిస్కు సెకనుకి 150 ఎంబీ చదివితే పావు సెకను పైచిలుకు పడుతుంది. అదే ఫైలు 5 ముక్కలైతే అదనంగా పడేది 52 మిల్లీసెకన్లు, మీకు తెలియను కూడా తెలియదు. 400 ముక్కలైతే అదనంగా 5 సెకన్లు, అది బాగా తెలుస్తుంది. అందుకే "ఇంత శాతం ఫ్రాగ్మెంటెడ్" అన్న ఒక్క అంకె చూసి కంగారు పడకూడదు. ఏ ఫైలు ఎన్ని ముక్కలైందన్నదే లెక్క. ఒక ముక్క 64 ఎంబీ కన్నా పెద్దదైతే విస్టా నుంచి విండోస్ మామూలుగా దాన్ని జరపనే జరపదు. 64 ఎంబీ చదవడానికి 400 మిల్లీసెకన్లు దాటుతుంది, అందులో 13 ఏ మూలకి?

ఇంకో మాట. విస్టా నుంచి విండోస్ వారానికోసారి ఈ పని తనంతట తనే చేస్తోంది. మీ సిస్టమ్‌లో అది జరుగుతోందో లేదో అదే విండోలో "లాస్ట్ రన్" దగ్గర తేదీ చూడండి. షాపు కట్టేటప్పుడు సిస్టమ్ ఆపేస్తారు కదా, ఆటోమేటిక్ మెయింటెనెన్స్ మామూలుగా రాత్రి 2 గంటలకి ఉంటుంది. ఆ సమయానికి సిస్టమ్ ఆగి ఉంటే తర్వాత ఎప్పుడైనా ఖాళీగా ఉన్నప్పుడు మొదలవుతుంది. పొద్దున్నుంచీ పనిలో ఉండే స్టూడియో సిస్టమ్‌కి ఆ ఖాళీ దొరక్కపోవచ్చు.

పాలమూరు_పిల్లోడు

అన్నా, ఈ లెక్కలన్నీ ఎందుకు? ఒక ఎస్‌ఎస్‌డీ వేసుకోండి, డిఫ్రాగ్ మాటే ఉండదు. ఎస్‌ఎస్‌డీకి డిఫ్రాగ్ అస్సలు చేయకూడదు, చేస్తే ఆయుష్షు తగ్గిపోతుంది. అందులో తిరిగే ప్లేటూ లేదు, కదిలే హెడ్డూ లేదు. విండోస్‌లో ఆ షెడ్యూల్ కూడా ఆఫ్ చేసి పడేయండి.

నందిని_సిస్టమ్స్

@పాలమూరు_పిల్లోడు ఎస్‌ఎస్‌డీ వేయమన్న సలహా నూటికి నూరుపాళ్లు కరెక్ట్. షెడ్యూల్ ఆఫ్ చేయమనడమే తప్పు, దయచేసి ఎవరూ అలా చేయకండి.

విండోస్ 8 నుంచి ఆ టూల్ పేరు ఆప్టిమైజ్ డ్రైవ్స్. ఎదురుగా ఉన్నది హార్డ్ డిస్కయితే డిఫ్రాగ్ చేస్తుంది, ఎస్‌ఎస్‌డీ అయితే ప్రధానంగా ట్రిమ్ పంపుతుంది. ఏ జాగాలో డేటా చెరిపేశామో ఎస్‌ఎస్‌డీకి తెలియజేసే పని అది. అది ఆగిపోతే ఎస్‌ఎస్‌డీ పనికిరాని డేటాను కూడా మోసుకుంటూ తిరుగుతుంది, రాత వేగం పడిపోతుంది. మీరు షెడ్యూల్ ఆపితే ఈ వారంవారీ ట్రిమ్ కూడా ఆగుతుంది.

అసలు విండోస్ ఎస్‌ఎస్‌డీకి ఎప్పుడూ డిఫ్రాగ్ చేయదన్నది కూడా పూర్తి నిజం కాదు. 2014లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి స్కాట్ హాన్సెల్‌మన్ ఆ టీమ్ వాళ్ళనే అడిగి రాశారు. సిస్టమ్ రిస్టోర్ కోసం వాడే వాల్యూమ్ స్నాప్‌షాట్లు (డిస్కు అప్పటికి ఎలా ఉందో దాచుకునే నకళ్లు) ఆన్‌లో ఉంటే నెలకోసారి ఎస్‌ఎస్‌డీకి కూడా డిఫ్రాగ్ నడుస్తుంది. ముక్కలు మరీ పెరిగితే స్నాప్‌షాట్ల పని నెమ్మదిస్తుంది. పైగా ఒక ఫైలు ఎన్ని ముక్కలు కావచ్చన్నదానికి విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో హద్దు ఉంది, అది దాటితే ఆ ఫైలుకి ఇంక రాయలేం. నెలకోసారి జరిగే ఆ కొద్దిపాటి రాతకి ఎస్‌ఎస్‌డీ ఏమీ అరిగిపోదు. 500 జీబీ ఎస్‌ఎస్‌డీల్లో 300 టీబీ రాతకి హామీ ఉన్నవి మామూలుగానే దొరుకుతున్నాయి. మనం చేతులారా రోజూ డిఫ్రాగ్ నడిపితే అది మాత్రం శుద్ధ దండగ.

మెకానిక్_మామ

నందిని గారూ, 2020లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 2004లో ఆ టూల్ చివరిసారి ఎప్పుడు నడిచిందో మర్చిపోయేది కదా. దాంతో మళ్లీ మళ్లీ అవసరం లేకుండా ఆప్టిమైజ్ అయ్యేది. ఎస్‌ఎస్‌డీ షెడ్యూల్ ఆపేయమన్న మాట అప్పుడు బాగా పాకింది.

నందిని_సిస్టమ్స్

అవునండీ. అదే ఏడాది సెప్టెంబరు అప్‌డేట్‌లో సరిచేశారు. ఆ సలహా మాత్రం ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది.

టాలీ_భాస్కర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఎరువుల షాపులో టాలీ డేటా హార్డ్ డిస్కు మీదే ఉంది. ఏడాది చివరికి రిపోర్టులు తెరవడానికి చాలాసేపు పడుతోంది. డిఫ్రాగ్ చేస్తే తగ్గుతుందా?

నందిని_సిస్టమ్స్

కొంత తగ్గవచ్చు భాస్కర్ గారూ. రోజూ కొంచెం కొంచెం పెరిగే ఫైళ్లు బాగా ముక్కలవుతాయి. టాలీ డేటా, అవుట్‌లుక్ మెయిల్ ఫైలు, వర్చువల్ మెషీన్ ఫైళ్లు ఆ జాతివే. అలాంటప్పుడు డిస్కు మొత్తం సర్దనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్‌లో కాంటిగ్ అని చిన్న టూల్ ఉంది. ఒక్క ఫైలు ఎన్ని ముక్కలైందో చూపిస్తుంది, ఆ ఒక్కదాన్నే సర్దుతుంది. టాలీ మూసి, బ్యాకప్ తీసుకున్నాకే చేయండి.

టాలీలో ఉండే రీరైట్ వేరు, దీంతో కలపొద్దు. అది డేటా లోపలి అమరికకి సంబంధించినది. మీ సిస్టమ్‌లో ర్యామ్ 4 జీబీయే అయితే ముందు దాన్ని పెంచి చూడండి.

తెనాలి_స్టూడియో

అందరికీ థాంక్స్. ఎనలైజ్ నొక్కాను. సీ 6 శాతం, డీ 31 శాతం ఫ్రాగ్మెంటెడ్ అని వచ్చింది. లాస్ట్ రన్ తేదీ చాలా పాతది. మామగారు చెప్పినట్టు ఈ రాత్రి డీకి పెట్టేసి వెళ్ళిపోనా? షాపులో కరెంటు పోతే ఏమవుతుంది? యూపీఎస్ ఉంది గానీ పావుగంట కూడా ఆగదు.

మెకానిక్_మామ

31 అంటే ఎక్కువే. పెట్టండి. కరెంటు గురించి మరీ భయపడొద్దు. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ముక్కని కొత్తచోట రాశాకే పాతచోటు వదులుతుంది, ఏ మార్పు జరుగుతోందో రాసుకునే జర్నల్ కూడా ఉంటుంది. విండోస్ 98లో అప్పటి ఫైల్ సిస్టమ్ ఫ్యాట్32 మీద ఈ ధీమా ఉండేది కాదు. పైగా డిఫ్రాగ్ నడుస్తుండగా స్క్రీన్‌సేవర్ వచ్చినా చాలు, డిస్కులో ఏదో మారిందని మళ్లీ మొదటికొచ్చేది. రంగురంగుల గళ్లు చూస్తూ రాత్రంతా కూర్చునేవాళ్ళం.

వాల్తేరు_రికవరీ

తెనాలి గారూ, ఆగండి. ఈ రాత్రి డిఫ్రాగ్ పెట్టకండి.

నేను డేటా రికవరీ పనిలో ఉన్నాను. మీ మొదటి పోస్టులో ఒక మాట నన్ను పట్టేసింది. కొన్ని ఫోల్డర్లు మామూలుగా తెరుచుకుంటాయి, కొన్ని తెరిస్తే మౌస్ కూడా కదలదు, తర్వాత దానంతటదే మామూలవుతుంది అన్నారు. ముక్కల వల్ల వచ్చే నెమ్మది ఇలా ఉండదు. అది అన్నిచోట్లా కొంచెం కొంచెంగా కనిపిస్తుంది. ఒకే చోటికి వెళ్ళినప్పుడల్లా బిగుసుకుపోతోందంటే, అక్కడి సెక్టార్లు (డిస్కు మీద డేటా ఉండే చిన్న చిన్న గళ్లు) చదవలేక డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోందని నా అనుమానం.

డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే టూల్ దించుకుని తెరవండి. పైన గుడ్ అని ఉందా, కాషన్ అని ఉందా? కింద జాబితాలో 05, సీ5, సీ6 వరసల్లో రా వాల్యూస్ ఎంతున్నాయో ఇక్కడ పెట్టండి. డిస్కు నుంచి టిక్ టిక్ మని చప్పుడేమైనా వస్తోందా?

తెనాలి_స్టూడియో

చప్పుడు అప్పుడప్పుడు వస్తోందండీ, ఫ్యాన్ అనుకున్నాను. పసుపు రంగులో కాషన్ అని ఉంది. 05 దగ్గర చివర 8. సీ5 దగ్గర చివర 18, సీ6 దగ్గరా 18. దీనర్థం ఏమిటి?

వాల్తేరు_రికవరీ

ఆ అంకెలు హెక్సాడెసిమల్‌లో, అంటే పదహార్ల లెక్కలో ఉంటాయి, కాబట్టి 18 అంటే మన లెక్కలో 24. 05 అంటే చెడిపోయి, డిస్కు తన దగ్గరున్న అదనపు సెక్టార్లకి మార్చుకున్నవి, మీకు 8. సీ5 అంటే చదవలేక, ఇంకా ఏ సంగతీ తేలక పెండింగ్‌లో ఉన్నవి 24. సీ6 కూడా అంతే ఉందంటే డిస్కు తన స్వంత పరీక్షలోనూ వాటిని చదవలేకపోయింది.

ఇలాంటి డిస్కు మీద డిఫ్రాగ్ నడిపితే ఏం జరుగుతుందో ఆలోచించండి. వందల జీబీల డేటాని చదివి కొత్తచోట రాయాలి. నీరసించిన హెడ్ రాత్రంతా అటూ ఇటూ పరుగెత్తాలి. ఇప్పటిదాకా మంచి సెక్టార్లలో భద్రంగా ఉన్న ఫోటోలు చెడబోయే సెక్టార్లలోకి వెళ్లవచ్చు. పొద్దున మీరు వచ్చేసరికి డిస్కు అసలు కనిపించకపోవచ్చు కూడా. చెడ్డ సెక్టార్లు వెతికే విండోస్ కమాండ్ చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కూడా ఇప్పుడే వద్దు, అదీ డిస్కుని ఈ చివర నుంచి ఆ చివరిదాకా రుద్దుతుంది.

ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే, డేటా బయటికి తీయడం. ఇంకా కస్టమర్లకి ఇవ్వని పెళ్ళిళ్ళు ముందు. తర్వాత మీ కుటుంబం ఫోటోలు. సాఫ్ట్‌వేర్లు చివర్న, అవి పోయినా మళ్లీ వేసుకోవచ్చు. ఒక ఫోల్డర్ దగ్గర ఆగిపోతే దానితో కుస్తీ పట్టకుండా వదిలేసి తర్వాతి దానికి వెళ్ళండి.

లైనక్స్_లక్ష్మి

ఆగిపోయే ఫోల్డర్ల కోసం డీడీరెస్క్యూ వాడండి. ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్కు మొత్తాన్ని అంతే పరిమాణమో పెద్దదో అయిన ఇంకో డిస్కు మీదికి కాపీ చేస్తుంది. మొదటి విడతలో ఇబ్బంది పెట్టే చోట్లు దాటేసి బాగున్నదంతా తెచ్చేస్తుంది, తర్వాతే కష్టమైన చోట్లకి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఏది పాత డిస్కో ఏది కొత్తదో ఒకటికి రెండుసార్లు చూసుకోండి, తారుమారైతే ఉన్నది పోతుంది. కమాండ్లు కొట్టడం అలవాటు లేకపోతే తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకోండి.

మా లైనక్స్ వైపు డిఫ్రాగ్ మాట పెద్దగా వినపడదు. అక్కడి ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 ఫైలుని డిస్కు మీద వెంటనే రాయకుండా కాసేపు ఆగి, ఎంత జాగా కావాలో తెలిశాక ఒకేచోట ఇస్తుంది. అయినా డిస్కు నిండేకొద్దీ ఏ ఫైల్ సిస్టమ్‌లోనైనా ముక్కలు తప్పవు.

మెకానిక్_మామ

వాల్తేరు గారు సరైన సమయానికి వచ్చారు. తెనాలి బాబూ, ఆయన చెప్పినట్టే చేయండి. డిఫ్రాగ్ సంగతి తర్వాత.

పాలమూరు_పిల్లోడు

నాదొక ప్రశ్న వాల్తేరు అన్నా. మా అక్క ల్యాప్‌టాప్‌లో పాప పుట్టినరోజు ఫోటోలు పొరపాటున డిలీట్ అయ్యాయి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసేసింది. అందులో హార్డ్ డిస్కే ఉంది. దానికీ ఈ వారంవారీ డిఫ్రాగ్ నడుస్తుందా?

వాల్తేరు_రికవరీ

నడుస్తుంది, అదే ప్రమాదం. ఇప్పుడే ఆ ల్యాప్‌టాప్ ఆపేయమని చెప్పండి. డిలీట్ అయిన ఫోటోల డేటా ఇంకా డిస్కు మీదే ఉంటుంది, విండోస్ లెక్కలో మాత్రం అది ఖాళీ జాగా. డిఫ్రాగ్ సరిగ్గా ఆ ఖాళీ జాగాలోకే వేరే ఫైళ్లను తెచ్చి కూర్చోబెడుతుంది. ఒకసారి పైన కొత్త డేటా పడితే ఎవరం ఏమీ చేయలేం.

డిస్కు బయటికి తీసి ఇంకో సిస్టమ్‌కి తగిలించి, రికవరీ సాఫ్ట్‌వేర్ అక్కడి నుంచి నడపండి. దొరికిన ఫోటోలను ఆ డిస్కులోకే సేవ్ చేయొద్దు. ఎస్‌ఎస్‌డీలో అయితే ట్రిమ్ వల్ల ఈ అవకాశం చాలావరకు ఉండేది కాదు. మీరు అడిగింది హార్డ్ డిస్కు కాబట్టి ఆశ ఉంది, ఆలస్యం చేయకండి.

తెనాలి_స్టూడియో

అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇవ్వాల్సిన పెళ్ళిళ్ళన్నీ బయటి డిస్కులోకి వచ్చేశాయి. పాత ఫోల్డర్లలో కొన్ని రా ఫైళ్లు తెరుచుకోవట్లేదు. వాటి ఆల్బమ్‌లు ఎప్పుడో ఇచ్చేశాం కాబట్టి పరవాలేదు. ఇంజినీరింగ్ చదివే మా బంధువులబ్బాయి డీడీరెస్క్యూతో మిగిలింది తీస్తున్నాడు.

ఇప్పుడు విండోస్‌కి 500 జీబీ ఎస్‌ఎస్‌డీ, ఫోటోలకి కొత్త హార్డ్ డిస్కు కొందామనుకుంటున్నాను. పాతది ఫార్మాట్ చేస్తే మళ్లీ వాడుకోవచ్చా? కొత్తదానికైనా డిఫ్రాగ్ ఎన్నాళ్లకోసారి చేయాలి?

వాల్తేరు_రికవరీ

పాతది వాడకండి. ఫుల్ ఫార్మాట్ చేస్తే పెండింగ్ సెక్టార్ల లెక్క సున్నాకి వచ్చి డిస్కు బాగైనట్టే కనిపించవచ్చు. దాని మీద పెళ్లి ఫోటోలు పెట్టేంత నమ్మకం మాత్రం నేను ఉంచను.

కొత్త హార్డ్ డిస్కు కొనేటప్పుడు సీఎంఆర్ మోడలా, ఎస్‌ఎంఆర్ మోడలా అని కంపెనీ స్పెసిఫికేషన్లో చూసుకోండి. సీఎంఆర్‌లో డేటా రాసే ట్రాకులు విడివిడిగా ఉంటాయి, ఎస్‌ఎంఆర్‌లో ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. మధ్యలో ఒకచోట మార్చాలంటే పక్కవి కూడా తిరిగి రాయాలి. బ్యాకప్‌కి పరవాలేదు గానీ రోజూ ఎడిటింగ్‌కి విసుగు పుట్టిస్తుంది. దాని మీద డిఫ్రాగ్ గంటలకొద్దీ నడుస్తుంది, ఫలితమూ తక్కువే. డేటాని లోపల ఎక్కడ పెట్టాలో డిస్కే తన ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటుంది కాబట్టి విండోస్‌కి వరసగా కనిపించేది నిజంగా వరసగా ఉండకపోవచ్చు.

నందిని_సిస్టమ్స్

కొత్తదానికి చేత్తో ఏమీ చేయకండి. వారంవారీ షెడ్యూల్ అలాగే ఉంచండి. ఆటోమేటిక్ మెయింటెనెన్స్ సమయాన్ని రాత్రి 2 నుంచి మీ భోజనం వేళకి మార్చండి, కంట్రోల్ ప్యానెల్‌లో సెక్యూరిటీ అండ్ మెయింటెనెన్స్ కింద ఉంటుంది. ఆ గంట సిస్టమ్ ఆన్‌లో ఉంచి మౌస్ ముట్టుకోకపోతే దాని పని అది చేసుకుంటుంది. రెండు కార్డుల నుంచి ఒకేసారి కాపీ పెట్టకండి. ఒకదాని తర్వాత ఒకటి పెడితే వేగంగానూ అవుతుంది, ముక్కలూ తక్కువ పడతాయి. ఫోటోషాప్ స్క్రాచ్ డిస్కు, లైట్‌రూమ్ క్యాటలాగ్ ఎస్‌ఎస్‌డీలో పెట్టండి. మీ దగ్గర ఎక్కువ ముక్కలయ్యేవి అవే, అక్కడ ముక్కలైనా నొప్పి తెలియదు.

మెకానిక్_మామ

సీజన్ అయ్యాక పాత పనులు తీసేసిన రోజున మాత్రం ఒకసారి చేత్తో నడపమనే అంటాను నందిని గారూ. పెద్ద పెద్ద ఫోల్డర్లు తీసేశాక అక్కడక్కడా ఖాళీలు మిగులుతాయి, వచ్చే సీజన్ ఫైళ్లు వాటిలో ఇరుక్కుంటాయి. ఎనలైజ్ చూసి 10 శాతం దాటితేనే నడపండి. నడిపే ముందు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, బ్యాకప్ రెండూ చూసుకోండి.

నందిని_సిస్టమ్స్

ఆ షరతులతో అయితే నాకు అభ్యంతరం లేదు మామగారూ. 200 జీబీలు ఒకేచోట ఖాళీ ఉన్న డిస్కులో మాత్రం దానివల్ల పెద్ద తేడా కనిపించదనే నా అభిప్రాయం.

తెనాలి_స్టూడియో

అర్థమైంది. సీఎంఆర్ మోడలే అడిగి తీసుకుంటాను. బ్యాకప్‌కి ఇంకో డిస్కు కూడా ఈ నెలలోనే కొంటాను. @పాలమూరు_పిల్లోడు, పాప ఫోటోలు దొరికాయా తమ్ముడూ?

పాలమూరు_పిల్లోడు

చాలావరకు దొరికాయన్నా. వీడియో ఒకటి మాత్రం సగం వరకే ఆడుతోంది. వాల్తేరు అన్నకి మెసేజ్ పెట్టాను, ఆయన చూస్తానన్నారు.